మంజీర రీచ్‌లో సర్పంచ్ మాట చెల్లాలి

2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఆలోచన మానుకోవాలని కేంద్రాన్ని కోరింది. అణు ఖనిజాలపై పెత్తనం కేంద్రానిదే కాబట్టి చట్టం దృష్టిలో ఆ తీర్మానానికి పెద్ద బలం లేదు. అయినా అమ్రాబాద్ అడవి, చెంచు పెంటలు, పక్కనే పారే కృష్ణ గుర్తుకొచ్చి పార్టీలన్నీ ఒక్కటయ్యాయి. మంచి పనే. మరి నిజామాబాద్ జిల్లా బోధన్ పక్కన మంజీర నది ఒడ్డు పంచాయతీ ఒకటి తమ ఊళ్లో ఇసుక రీచ్ వద్దని తీర్మానం చేసి పంపితే హైదరాబాద్ ఏం చేస్తుంది? ఫైల్లో పెడుతుంది. టిప్పర్లు మాత్రం ఆగవు.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో పుట్టిన మంజీర కర్ణాటకను, మెతుకుసీమ మెదక్‌ను చుట్టి, బోధన్ దగ్గర తెలంగాణ, మహారాష్ట్రలకు సరిహద్దుగా పారి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. సాలూర వంతెన దాటితే అటు నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా. హున్సా, మందర్న, ఖండ్‌గావ్ లాంటి ఊళ్లకు ఎదురు ఒడ్డు పరాయి రాష్ట్రం. ఏ ప్రభుత్వం వేలం వేసినా తోడేది ఒకే నదిని, ఎండేది రెండు ఒడ్ల బోర్లు.

ఇక్కడి రైతుకు ఆ ఇసుక ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే నీళ్ల లెక్క చూడాలి. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టును 2.75 లక్షల ఎకరాల కోసం కట్టారు. ఎగువన సింగూరు జలాశయం వచ్చి మంజీర నీళ్లు రాజధాని కుళాయిలకు మళ్లాక చివరి ఆయకట్టుకు భరోసా పోయింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదనిపించుకున్న బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు పోయి వరి వచ్చింది. వరికి దిక్కు కాలువ లేకుంటే బోరు, నది ఒడ్డు ఎత్తిపోతల పథకం. వాన నీటిని పట్టి ఉంచి ఆ బోర్లకు మెల్లగా వదిలేది నదిలోని ఇసుక మేటే. దాన్ని అడుగంటా గీకేస్తే ఒడ్డు బావికి ఊట ఎక్కడిది?

చట్టాలు లేకపోలేదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం నిబంధనల ప్రకారం వంతెనలకు, ఆనకట్టలకు, సాగు, తాగునీటి బావులకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదు. మేట రెండు మీటర్ల కన్నా పల్చగా ఉన్నచోట అసలు ముట్టుకోకూడదు. ఆ దూరం, ఆ లోతు కొలిచే అధికారి రాత్రిపూట రీచ్‌లో కనబడడు. రోజూ చూసేది ఊరే. చూసే ఊరికి ఆపే హక్కు లేదు.

ఆదివాసీల షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆ హక్కు ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం అక్కడ ఇసుక, కంకర లాంటి చిన్న ఖనిజాల లీజుకు ముందే గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి. 2013లో ఒడిశా నియమగిరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు కూర్చుని, పన్నెండూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. వేదాంత అంతటి కంపెనీ వెనక్కి తగ్గక తప్పలేదు. పెసా ఉన్నంత మాత్రాన అంతా సవ్యమని కాదు. గోదావరి ఒడ్డున ఆదివాసీ సొసైటీల పేరు ముందు పెట్టి వెనక కాంట్రాక్టర్లు నడిపించిన రీచ్‌ల కథ అందరికీ తెలిసిందే. కనీసం అక్కడ సంతకం కోసమైనా ఊరి గడప తొక్కాలి. బోధన్‌లో ఆ అవసరమూ లేదు.

ఊళ్లకు అధికారమిస్తే వాళ్లే ఇసుక అమ్ముకుంటారన్నది అధికారుల వాదన. అందులో నిజం ఉంది. నిజామాబాద్ జిల్లాలో వీడీసీల సంగతి ఎవరికి తెలియదు? చట్టంలో ఎక్కడా లేని గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు వేస్తాయి, వేలంపాటలు పెడతాయి, ఎదురు తిరిగిన కుటుంబాలను వెలివేస్తాయి. అయితే ఓటుతో గెలిచిన పంచాయతీ మాటకు విలువ లేనిచోటే ఇలాంటి కమిటీలు బలుస్తాయి. తీర్మానం గ్రామసభలో, అందరి ముందు, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కితే చీకటి బేరం కొంతైనా కష్టమవుతుంది.

దీనికి ఢిల్లీని బతిమాలాల్సిన పనిలేదు. 1957 నాటి గనుల చట్టం 15వ సెక్షన్ చిన్న ఖనిజాలపై నిబంధనలు రాసే అధికారాన్ని రాష్ట్రాలకే ఇచ్చింది. రీచ్‌కు టెండరు పిలిచే ముందు ఆ ఊరి గ్రామసభ ఆమోదం తప్పనిసరి అని ఇసుక నిబంధనల్లో ఒక వాక్యం చేర్చితే చాలు. ఎదురు ఒడ్డు తవ్వకాల మీద నాందేడ్ అధికారులతో ఏటా ఉమ్మడి సర్వే జరగాలి, దాని నివేదిక పంచాయతీ నోటీసు బోర్డుకు ఎక్కాలి.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. అన్నాళ్లూ వద్దనడానికి ఎన్నికైన సర్పంచే లేడు. 2025 డిసెంబరు ఎన్నికలతో ఆ లోటు తీరింది. ఇక గనుల శాఖ వేలానికి సిద్ధం చేసే రీచ్‌ల జాబితా ముందుగా వెళ్లాల్సింది ఆ సర్పంచుల దగ్గరికే.