కంప్యూటర్‌కి శ్రావణమాసం తెలుసా?

2025 ఆగస్టు 7, గురువారం. తెల్లారితే వరలక్ష్మీ వ్రతం. సాయంత్రం ఐదింటికల్లా మా కొట్లో శనగలు అయిపోయాయి.

కిరాణా కొట్లో ఏదో ఒక సరుకు అయిపోవడం వింతేమీ కాదు. కానీ శ్రావణమాసంలో, అదీ వ్రతం ముందురోజు, "శనగలు లేవండీ" అని చెప్పడం ఎంత నామోషీయో మీకు వేరే చెప్పక్కర్లేదు. పేరంటానికి వచ్చిన ముత్తయిదువని నానబెట్టిన శనగలు లేకుండా ఉత్త తాంబూలంతో ఎలా పంపుతాం? తాండవ వంతెన దాటి పాయకరావుపేట నుంచి ఏళ్ళ తరబడి మా కొట్టుకే వచ్చే ఓ పెద్దావిడ, ఖాళీ సంచీ మడత పెట్టుకుంటూ, "శ్రావణమాసంలో శనగల్లేని కొట్టేంటే తల్లీ!" అంది. కోపంగా అన్నా బాగుండేది. జాలిగా అంది.

ఇది మా కొట్టు కథే అయినా, ఇంటిల్లిపాదీ వ్యాపారంలో ఉన్న ఆడవాళ్ళందరూ ఆలోచించాల్సిన విషయం అనిపించి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. సరుకు ఎంతకి దిగితే మళ్ళీ తెప్పించాలో కంప్యూటర్‌కి అప్పజెప్పడం మంచిదే. ఆ లెక్క పెట్టేటప్పుడు ఇంటి ఇల్లాలిని పక్కన కూర్చోబెట్టుకోకపోవడమే తప్పు.

మాది తునిలో మా మామగారు పెట్టిన చిన్న కొట్టు. పొద్దున్న మావారు కూర్చుంటారు. మధ్యాహ్నం ఆయన భోంచేసి నడుం వాల్చే వేళ, మళ్ళీ సాయంత్రం రద్దీ వేళ నేను కూర్చుంటాను. ఏం తెప్పించాలో ఎప్పుడూ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాళ్ళం. రాయడం మర్చిపోతే ఆ సరుకు ఉండేది కాదు. ఇద్దరం రాస్తే రెండుసార్లు వచ్చేది. ఇది చూసి మా పెద్దాడు, డిగ్రీ అయ్యాక, ఆ ఏడాది ఉగాదికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. తేదీ దాటిపోయే బిస్కెట్లు ముందే చూపిస్తుంది, అరువులు చూపిస్తుంది. నిజంగా హాయే. కాదనను.

అందులోనే "సేఫ్టీ స్టాక్" అని ఒకటుంది. వాడు నాకు కాగితం మీద వేసి చూపించాడు. శనగలు మామూలుగా రోజుకి 2 కేజీలు పోతాయి, మహా అయితే 3. ఏజెన్సీకి చెప్పాక సరుకు రావడానికి మామూలుగా 4 రోజులు, ఆలస్యమైతే 7. ఎక్కువ అమ్మకాన్ని ఎక్కువ రోజులతో హెచ్చవేస్తే 21. సగటు అమ్మకాన్ని సగటు రోజులతో హెచ్చవేస్తే 8. ఇందులోంచి అది తీసేస్తే 13. ఆ 13 కేజీలూ ఎప్పుడూ కొట్లో కదలకుండా ఉండాల్సిన నిల్వ అన్నమాట. దానికి ఆ 4 రోజుల్లో పోయే 8 కేజీలు కలిపితే 21. శనగలు 21 కేజీలకి దిగగానే ఏజెన్సీకి వాట్సాప్‌లో ఆర్డరు దానంతటదే వెళ్ళిపోతుంది. సగటు ఎంతో కూడా మనం చెప్పక్కర్లేదు, గడిచిన 30 రోజుల అమ్మకం చూసి అదే వేసుకుంటుంది.

"శ్రావణమాసం వస్తోంది కదరా, శనగలు ఇంకో రెండు బస్తాలు చెప్పకూడదూ?" అన్నాను.

"అమ్మా, ఇది లెక్క. నీకు తెలీదులే," అన్నాడు. మావారు పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

లెక్క తప్పు కాదండీ. కానీ అది చూసిన 30 రోజులూ ఆషాఢం. ఆషాఢంలో పేరంటాలేవి, శనగలెవరు కొంటారు? శ్రావణం రాగానే రోజుకి 8 కేజీలు పోవడం మొదలైంది. ఆ లెక్కన 21 కేజీలు నిండా మూడు రోజులకి రావు. ఆర్డరు వెళ్ళింది, ఒక బస్తా వచ్చింది, అది వారం తిరక్కుండా అయిపోయింది. రెండోసారి చెప్పిన సరుకు శుక్రవారం మధ్యాహ్నం దిగింది. అప్పటికి ఊళ్ళో వ్రతాలయిపోయాయి.

"పోనీ, పోయిన ఏడాది ఇవే తేదీల్లో అమ్మకం చూడమంటే సరిపోతుంది," అన్నాడు మావాడు. అప్పుడు గోడ మీది క్యాలెండరు దింపి చూపించాను. వరలక్ష్మీ వ్రతం 2023లో ఆగస్టు 25. 2024లో ఆగస్టు 16. 2025లో ఆగస్టు 8. శ్రావణం 2024లో ఆగస్టు 5న మొదలైతే, 2025లో జూలై 25నే వచ్చేసింది. పోయిన ఏడాది జూలై 25 అమ్మకం చూస్తే కనపడేది మళ్ళీ ఆషాఢమే. ఇంగ్లీషు తేదీకి కట్టుబడి వచ్చే పెద్ద పండగ మనకి సంక్రాంతి ఒక్కటే. దానికి మాత్రం పోయిన ఏడాది లెక్క బాగానే పనికొస్తుంది. మిగతావన్నీ చంద్రుణ్ణి పట్టుకుని తిరుగుతాయి. ఆషాఢంలో తలుపులమ్మ లోవకి బళ్ళు కట్టుకొచ్చే జనం దారిలో మన తునిలో ఆగి కాగితం పళ్ళేలు, నూనె ప్యాకెట్లు, పసుపు కుంకాలు కొనుక్కుంటారు. అక్కడే వండుకుని, అమ్మవారికి నైవేద్యం పెట్టుకుని తినే వాడుక కదా. కార్తీకంలో అన్నవరం వెళ్ళేవాళ్ళకి వత్తులు, కర్పూరం కావాలి. వీటికి పంచాంగం కావాలి గానీ 30 రోజుల సగటు ఏం చేస్తుంది?

శనగలు లేక పోయిన పరువు ఒక ఎత్తు. తర్వాత జరిగింది ఇంకో ఎత్తు. వినాయక చవితి కూడా వెళ్ళాక, ఆగస్టు ఆఖర్న, కంప్యూటర్ మళ్ళీ 30 రోజులు వెనక్కి చూసుకుంది. అందులో ఎక్కువ రోజులు శ్రావణమే. సగటు 6 కేజీలు, ఎక్కువ అమ్మిన రోజు 15. ఆ సూత్రంలోనే వేసి చూడండి: 105 లోంచి 24 పోతే 81. అంటే మా కొట్లో 81 కేజీల శనగలు కదలకుండా ఉండాలని, 105 కేజీలకి దిగగానే తెప్పించాలని అది తేల్చింది. మా దగ్గర పన్నెండు కేజీలే కనపడేసరికి రెండు బస్తాలకి ఆర్డరు పంపేసింది. కావలసినప్పుడు లేవు, అక్కర్లేనప్పుడు గుట్టలు! బెల్లం, కర్పూరం, మినపగుళ్ళు, అన్నిటికీ ఇదే వరస. బిల్లులు వచ్చాక కూడితే నలభై రెండు వేలు.

అదే సమయానికి ఇంకోటి. సెప్టెంబరు 3 రాత్రి జీఎస్టీ తగ్గిస్తున్నామని ప్రకటించారు. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద 18 శాతం కాస్తా 22వ తేదీ నుంచి 5 శాతం అవుతుందన్నారు. మా ఖాతాదార్లు చాలామంది 22 దాకా ఆగుదామని చిన్న ప్యాకెట్లతో సరిపెట్టుకున్నారు. కంప్యూటర్ పేపరు చదవదు కదా, ఆగస్టు అమ్మకం చూసి మామూలుగానే తెప్పించింది.

సరుకు ఇంట్లో ఉంటే డబ్బు ఎక్కడికీ పోదు అంటారు మావారు. పోదు, కానీ చేతికి రాదు. అమ్మాయి హాస్టలు ఫీజు రెండో వాయిదా కట్టాల్సిన వారం అది. గల్లాపెట్టెలో డబ్బు లేదు, వెనక గదిలో శనగలున్నాయి. వానాకాలం చెమ్మకి వాటికి పురుగు పట్టడం కూడా మొదలైంది. నా గాజులు రెండు తీసి బ్యాంకులో పెట్టాం. ఫీజు కట్టాం. శనగలు ఎండబోసి, జల్లించి, దసరా దాకా తక్కువ ధరకి అమ్మాం. ఎండబోసింది ఎవరో చెప్పక్కర్లేదుగా.

ఆ శనగలు డాబా మీద ఆరబోస్తుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ బియ్యం డ్రమ్ము అడుగున ఒక ఇత్తడి తవ్వ బోర్లించి పెట్టి, దాని మీద బియ్యం పోయించేవారు. కొలుచుకుంటూ పోగా పోగా తవ్వ అడుగు కనపడిందంటే మిల్లుకి కబురు పంపాలి. ఆవిడకి చదువు రాదు. కానీ మావాడు చెప్పే సేఫ్టీ స్టాక్ అచ్చంగా అదే కదండీ! ఇంకో సంగతి. వానలు మొదలయ్యే ముందు ఆ తవ్వ తీసేసి కుంచం పెట్టేవారు. ఎందుకత్తయ్యా అంటే, "ముసురు పడితే బండి రాదే" అనేవారు. పంటలు ఇంటికొచ్చాక మళ్ళీ తవ్వే. నియమం పెట్టడం ఒక్కటే కాదు, నియమాన్ని ఎప్పుడు మార్చాలో కూడా ఆవిడకి తెలుసు. మా కంప్యూటర్‌కి మేం తవ్వ ఇచ్చాం గానీ కుంచం ఎప్పుడు పెట్టాలో చెప్పలేదు.

మా అబ్బాయి వాదన కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. "నీ బుర్రలో ఉన్నది నీకు జ్వరం వస్తే ఎవరికి తెలుస్తుందమ్మా?" అన్నాడు. నిజమే. అత్తగారు పోయినప్పుడు ఎన్ని లెక్కలు ఆవిడతోనే పోయాయో! అందుకే నేను కంప్యూటర్ వద్దనడం లేదు. మనకి తెలిసింది దాంట్లోకి ఎక్కాలి అంటున్నాను.

అప్పుడు కూర్చున్నాం, ముగ్గురం. మావారు కూడా పేపరు పక్కన పెట్టారు. సరుకులన్నీ రెండు జాబితాలు చేశాం. ఉప్పు, పంచదార, కందిపప్పు లాంటి ఏడాది పొడుగునా ఒకేలా పోయేవి సగటుకే వదిలేశాం. పండగ సరుకుని సగటులోంచి తీసేసి, ఏ తెలుగు నెలకి ఎంతో నేను చెప్తుంటే వాడు ఎక్కించాడు. ప్రతి సరుకుకీ ఇంతకి మించి తెప్పించకూడదని ఒక పై హద్దు పెట్టాం. ఆర్డరు తయారు చేయడం కంప్యూటర్ పని, పొద్దున్నే చూసి పంపడం నా పని. దానంతటది వెళ్ళేది లేదు. సరుకు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో ఏజెన్సీ మాట కాకుండా, నిజంగా వచ్చిన తేదీలు చూసి రాశాం.

మీ ఇంట్లో ట్యాలీ వాడుతుంటే అందులో కూడా రీఆర్డర్ లెవెల్ అని ఉంటుంది, చూడండి. మనమే ఒక అంకె ఇవ్వొచ్చు. లేదా గడిచిన ఇన్ని రోజుల వాడకం చూసుకోమని చెప్పి, మన అంకె, ఆ వాడకం రెండిట్లో ఏది ఎక్కువైతే అది తీసుకోమనో, ఏది తక్కువైతే అది తీసుకోమనో చెప్పొచ్చు. ఆ ఎక్కువా తక్కువా అన్న చిన్న మాట దగ్గరే డబ్బు ఇరుక్కుంటుంది. అది నొక్కేటప్పుడు పక్కనుండండి.

ఇంకొక్కటి నేను పట్టుబట్టి పెట్టించాను. శానిటరీ ప్యాడ్లు మా కొట్లో నెమ్మదిగా పోయే సరుకు. నిల్వ తగ్గించమని కంప్యూటర్ చెప్తోంది. కానీ అవి కొనే ఆడపిల్లలు నేను కూర్చున్న వేళే వస్తారు. రాత్రి ఎనిమిదింటికి వచ్చిన పిల్లకి లేవంటే, ఇంకో కొట్టుకెళ్ళి మగవాళ్ళ ముందు అడగలేదు. పసిపిల్లల పాలపొడీ అంతే. ఎంత అమ్ముడవుతుంది అన్నదొకటే చూస్తే ఇవి తగ్గించాలి. లేకపోతే ఎవరికి ఎంత కష్టం అని చూస్తే పెంచాలి. ఆ రెండో ప్రశ్న ఏ సూత్రంలోనూ లేదు. మేం పెంచాం.

అక్టోబర్‌లో మొంథా తుఫాను హెచ్చరికలు రాగానే పాలపొడి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బిస్కెట్ల హద్దు చేత్తో పెంచేశాను. ఈసారి ఎవరూ "నీకు తెలీదు" అనలేదు. 28వ తేదీ రాత్రి అది నర్సాపురం దగ్గర తీరం దాటింది. తర్వాత రెండు రోజులు ఏజెన్సీ బండి రాలేదు. మా కొట్లో పాలపొడి అయిపోలేదు.

ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి శ్రావణం ఆగస్టు 13న గానీ మొదలవదు. పోయిన ఏడాది తేదీలే నమ్ముకుంటే మూడు వారాల ముందే శనగలు దిగి, ఆషాఢం ముసురులో పురుగు పట్టేవి. ఆగస్టు మొదటి వారంలో రెండు బస్తాలు అని నేనే ఎక్కించాను, ఈసారి నా చేత్తోనే. పాయకరావుపేట పెద్దావిడ మాత్రం ఇంకా మా కొట్టుకి రావడం లేదు. గాజులు కూడా ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

మీ ఇంట్లో కూడా కొట్టుకో, మందుల షాపుకో, చీరల దుకాణానికో కొత్తగా సాఫ్ట్‌వేర్ పెడుతుంటే, టీ ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోకండి. ఒక కుర్చీ లాక్కుని కూర్చోండి. వెళ్ళేటప్పుడు గోడ మీది క్యాలెండరు పట్టుకెళ్ళండి.