ప్రయాణంలో రెండు పుస్తకాలు

ఈ మధ్య శిక్షణా తరగతులకు తిరుగుతూ రైల్లో రెండు పుస్తకాలు చదివాను. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాలు చెప్పారు. 1951లో పోరాట విరమణ తర్వాత వారిలో చాలామందిని మళ్లీ ఇంటికే పంపారు. గోగు శ్యామల సంపాదకత్వంలోని ‘నల్లపొద్దు’లో 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిన రచనలున్నాయి. రాసిన స్త్రీలు అన్నేళ్లుగా ఉన్నా, సంకలనాలు చేసినవారి కంటికి ఆనలేదు.

మరి మన సంస్థల నివేదికల్లో ఏముంటోంది? ఎన్ని సమావేశాలు, ఎందరు హాజరు అనే లెక్కలే. కూలిరేట్ల కోసం నిలబడ్డ స్త్రీ ఏమందో ఉండదు. నిధులిచ్చేవారికి లెక్కలు పంపుదాం. దానితోపాటు ఆమె మాటల్ని, ఆమె అనుమతితో, ఆమె యాసలోనే రాసి భద్రపరుద్దాం. లేకపోతే రేపటివాళ్లకు మన చరిత్ర కూడా తెలియకుండానే పోతుంది.