చుక్కే కదా అనుకుంటే!

హోసూరు బైపాస్ పక్కనైనా, బళ్లారి శివార్లలోనైనా, బరంపురం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీదైనా లారీ షెడ్డులోకి తొంగిచూస్తే కనిపించేది ఒకటే. డీజిల్ ఫిల్టరు దగ్గర తడి. పక్కనే డ్రైవరు తొందర. ‘తమ్ముడూ, ఇంకో చుట్టు బిగించెయ్, పోతా’ అంటాడు. షెడ్డు కుర్రాడు పానా మీద ఒంటి బరువంతా వేసి బిగిస్తాడు. కారడం ఆగుతుంది, బండి కదులుతుంది. వంద కిలోమీటర్లు పోయేసరికి అదే చోట మళ్లీ కారుతుంది, ఈసారి ఇంకాస్త ఎక్కువగా. ఆ చివరి చుట్టుతోనే లోపలి మర సగం తెగిపోయిందన్న సంగతి ఇద్దరికీ తెలియదు.

ఇంధనం బయటికొస్తే ఏమవుతుందో ఈ దారుల్లో తిరిగేవారికి వేరే చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బెంగళూరు నుంచి హైదరాబాదు వెళుతున్న ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచి 45 మంది సజీవ దహనమయ్యారు. అక్కడ తప్పు పైపు బిగింపుది కాదు, నిజమే. కానీ ఇంధనానికి నిప్పు తోడైతే తప్పించుకునే వ్యవధి ఎంత తక్కువో ఆ రాత్రి చూపింది. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలోనూ అంటుకుంటుంది. డీజిల్ అంత త్వరగా అంటుకోదు గానీ, కాలుతున్న టర్బో మీదో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదో పడితే దానికి నిప్పురవ్వ కూడా అక్కర్లేదు.

అసలు పొరపాటు అవగాహనలోనే ఉంది. చాలా పైపుల్లో ఇంధనాన్ని ఆపేది మర కాదు. పైపు చివర గరాటులా విచ్చుకున్న అంచు గానీ, బోల్టుకు రెండు వైపులా ఉండే రాగి వాషరు గానీ ఆపుతుంది. మర పని వాటిని ఒత్తి పట్టుకోవడం వరకే. అంచు గీరుకుపోయినా, వాషరు నలిగిపోయినా ఎంత బిగించినా లాభం లేదు. ఇత్తడి, అల్యూమినియం మెత్తని లోహాలు. ఇనుప బోల్టుతో బలం చూపిస్తే ఓడిపోయేది అవే. ఇరవై రూపాయల వాషరుతో పోయే పని వేల రూపాయల ఫిల్టరు హెడ్డు దాకా వస్తుంది.

మర చెడటానికి రెండో కారణం వంకరగా ఎక్కించడం. మొదటి చుట్టు నుంచే పానా పెట్టడం చాలా షెడ్లలో అలవాటు. నట్టును ముందు వేళ్లతో వెనక్కి తిప్పి, మర కుదురుకున్నట్టు తెలిశాక ముందుకు రెండు మూడు చుట్లు చేత్తోనే ఎక్కించాలి. చేత్తో ఎక్కనిది పానాతోనూ ఎక్కించకూడదు. కొలత ఒకటే అయినా మర వేరు కావచ్చు. 12 మిల్లీమీటర్ల బోల్టులోనే 1.25, 1.5, 1.75 పిచ్‌లు ఉన్నాయి. డబ్బాలో దొరికిన పాత బోల్టు రెండు చుట్లు ఎక్కి పట్టేసిందంటే అది ఆ బండిది కాదని అర్థం.

పైపు విప్పేటప్పుడు, బిగించేటప్పుడు రెండు పానాలు వాడాలి. ఒకటి పట్టి ఉంచడానికి, ఇంకొకటి తిప్పడానికి. లేకపోతే పైపే మెలి తిరుగుతుంది. రాగి వాషరు విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. తెల్ల టెఫ్లాన్ టేపు నీళ్ల కొళాయికి చెల్లుతుంది గానీ గరాటు అంచు పైపులకు, వాషరు బోల్టులకు కాదు. దాని పోగులు తెగి లోపలికి పోతే ఇంజెక్టరు మూసుకుపోతుంది. సబ్బు ముక్క, ఎంసీలు ముద్ద షెడ్డు చేరేవరకే పనికొస్తాయి. వాటితో సరకు దింపి రావాలనుకోవడం ప్రాణాలతో చెలగాటమే.

ట్యాంకుకు, ఫీడు పంపుకు మధ్య లోపముంటే అసలు చుక్కే పడకపోవచ్చు. అక్కడ డీజిల్ బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది. పొద్దున్నే బండి స్టార్టు కాకపోతే బ్యాటరీని తిట్టేముందు ఆ పైపులు చూడాలి. కామన్ రైల్ ఇంజన్ల సంగతి మరీ ప్రమాదం. వాటిలో ఒత్తిడి 1,600 బార్లు దాటుతుంది. ఇంజన్ నడుస్తుండగా నట్టు వదులు చేయడం, కారుతోందా అని వేలు పెట్టి చూడటం అస్సలు కూడదు. సూదిలాంటి ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాయంలాగే ఉంటుంది, ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. కారేదీ లేనిదీ అట్టముక్క పెట్టి చూసుకోవాలి. పెట్రోలు బండయితే ముందు లైనులో ఒత్తిడి తీసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి. బీడీ షెడ్డు బయటే ఆర్పేయాలి.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసి వస్తున్న రోజులివి. దానికి తగ్గట్టు తయారుకాని పాత బళ్లలో రబ్బరు గొట్టాలు, రింగులు త్వరగా పాడయ్యే వీలుంది. పాత బండి యజమానులు వీటిని తరచూ చూపించుకోవడం మేలు.

ఇవేవీ రహస్యాలు కావు. కంపెనీ పుస్తకాల్లో అన్నీ ఉంటాయి, కానీ ఇంగ్లిషులో ఉంటాయి. సరిహద్దు షెడ్లలో కుర్రాడు ఇంట్లో తెలుగు, పనిలో తమిళమో కన్నడమో ఒడియానో మాట్లాడతాడు. మర అన్నా, మరై అన్నా అతనికి తెలుసు. ఎంత బలంతో బిగించాలో చెప్పే అంకె మాత్రం చదవలేడు. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఒంటి బలాన్నే కొలతగా వాడుతున్నాడు. తప్పు అతనొక్కడిదేనా?

వాహన కంపెనీలు, ఐటీఐలు స్థానిక భాషలతో పాటు తెలుగులోనూ బొమ్మలతో గోడ పటాలు ముద్రించి షెడ్లకు పంచాలి. మెకానిక్ సంఘాలు కలిసి ప్రాంతానికి ఒక్క టార్క్ రెంచి అయినా కొని అందుబాటులో ఉంచాలి. లారీ యజమానులు వాషరు డబ్బుల దగ్గర బేరం మానుకోవాలి. డ్రైవర్లు ఇంకో పది నిమిషాలు ఆగి, ఇంజన్ ఆడించి, తడి లేదని చూసుకునే కదలాలి.

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు. కారే చుక్కకూ అదే మాట వర్తిస్తుంది. ఇల్లు కాలాక బావి తవ్వి ప్రయోజనం లేదు.