ట్యాబ్లెట్ ఎక్కడున్నా సరే, ఎర్ర బటన్ మెషిన్ దగ్గరే ఉండాలి



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు వీడియో పెట్టాడు. తను బెంగళూరు ఆఫీసులో ఉన్నాడు. ఇక్కడ కోయంబత్తూరులో, ఇంటి వెనకాల పట్టరైలో, సీఎన్‌సీ రౌటర్ తిరుగుతోంది. నడిపేది తన ట్యాబ్లెట్ నుంచి. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. తర్వాత రెండోసారి చూస్తే, మూలన స్టూలు మీద వాళ్ల నాయనగారు కూర్చుని ఉన్నారు. ఆయన చేతికి అందే దూరంలో ఆపే బటన్ ఒక్కటీ కనిపించలేదు.

నేను ట్యాబ్లెట్‌కి వ్యతిరేకిని కాను. మా పట్టరైలో కీబోర్డు అల్యూమినియం పొట్టు పడి ఎన్నిసార్లు పాడైందో లెక్కలేదు. ఇప్పుడు పీసీ మూసిన పెట్టెలో ఉంది, ట్యాబ్లెట్ ప్లాస్టిక్ కవర్లో నా చేతిలో ఉంది. ఇంటి వైఫై మీద రిమోట్ డెస్క్‌టాప్. టూల్ పక్కనే వంగి నిలబడి జీరో సెట్ చేసుకుంటున్నాను. ఈ వయసులో నా నడుముకు అదే పెద్ద మేలు.

కానీ ఒక రాత్రి సోఫాలో కూర్చుని టూల్‌ను కిందికి జరిపాను. వేలు నొక్కిన సంగతి పీసీకి చేరింది. వేలు తీసిన సంగతి వైఫైలో ఆగిపోయింది. టూల్ దిగుతూనే పోయి వైస్‌ను కొట్టింది. కట్టర్ విరిగింది, అంతే. అక్కడ చెయ్యి ఉంటే? అప్పటి నుంచి ట్యాబ్లెట్ మీద ఒక్క నొక్కుకు ఇంత అని కొలత పెట్టే జరుపుతాను, నొక్కి పట్టుకోను.

ఇంకొకటి చాలామందికి తెలియదు. విండోస్‌లో వచ్చే రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటినుంచి కనెక్ట్ అయితే, మెషిన్ దగ్గరి స్క్రీన్ లాక్ అయిపోతుంది. అంటే బెంగళూరులో కొడుక్కి అంతా కనిపిస్తుంది, పక్కనున్న నాయనకు పాస్‌వర్డ్ అడిగే తెర కనిపిస్తుంది! వీఎన్‌సీ లాంటివైతే ఇద్దరికీ ఒకే తెర కనిపిస్తుంది. పాత పద్ధతిలో ప్యారలల్ పోర్ట్ నుంచి పీసీయే పల్సులు పంపే మెషిన్ అయితే, రిమోట్ బరువు మీద పడి స్టెప్పులు తప్పే భయం కూడా ఉంది. ఇక రౌటర్లో 3389 పోర్టు తెరిచిపెట్టిన వాళ్లు ఈరోజే మూసేయండి, వీపీఎన్ వాడండి.

నా అభిప్రాయం ఇది. ఊరు దాటినవాడు చూడొచ్చు, ఫైలు పంపొచ్చు. సైకిల్ స్టార్ట్ మాత్రం మెషిన్ ముందు నిలబడ్డవాళ్లే నొక్కాలి. ఎర్ర బటన్ పీసీని అడిగి ఆపేది కాకూడదు, డ్రైవ్‌లకూ స్పిండిల్‌కూ పోయే కరెంటును కాంటాక్టర్‌తో నేరుగా తెంపేది కావాలి. జీవితమంతా లేత్ మీద చెయ్యి పెట్టి బతికిన మనిషిని తన పట్టరైలోనే వాచ్‌మన్‌ని చేయడం నాకు నచ్చలేదు. తమ్ముడికి కోపం వచ్చినా సరే.

వైరింగ్ తెలియని వాళ్లు మొహమాటపడకండి. వచ్చే ఆదివారం పొద్దున మా పట్టరై తెరిచే ఉంటుంది. మీ మెషిన్ ఫోటోలు తెచ్చుకోండి, నాయనగార్లను కూడా పిలుచుకుని రండి. కాఫీ మా ఇంట్లోనే.