అత్తగారికి ఫోన్ ఎవరు చేయాలి?

"వాళ్ళకేంటమ్మా, పద్దెనిమిదేళ్ళు రాగానే ఇల్లొదిలి పోయే జనం. అమ్మా నాన్నా అన్న బెంగ ఉంటేగా!"

బ్రిటిష్ వాళ్ళ ప్రస్తావన వస్తే చాలు, మన ఆడవాళ్ళ నోట ఈ మాట తప్పకుండా వస్తుంది. మొన్న ఒక పేరంటంలో కూడా వచ్చింది. తాంబూలం పుచ్చుకుంటూ వాదన పెట్టుకోవడం బాగోదని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోవాల్సిన పని లేదు కాబట్టి చెప్తున్నాను. ఆ మాట తప్పు. వాళ్ళకీ బెంగ ఉంటుంది, వాళ్ళ ఇళ్ళలోనూ రాకపోకలూ పలకరింపులూ మనకంటే ఏం తక్కువ కాదు. అయితే ఆ పలకరింపుల చాకిరీ ఎవరు చేస్తున్నారో చూస్తే మాత్రం, వాళ్ళ ఇల్లు మన ఇల్లు లాగే ఉంటుంది. నా గొడవంతా అక్కడే.

పదకొండేళ్ళుగా దుబాయ్‌లో ఉంటున్నాం. మా బిల్డింగులో తెలుగువాళ్ళు ఎంతమందో బ్రిటిష్ కుటుంబాలు దాదాపు అంతే. (వాళ్ళు 'ఎక్స్‌పాట్'లు, మనమేమో 'గల్ఫ్‌కెళ్ళినవాళ్ళం'. ఆ తగువు ఇంకో రోజు పెట్టుకుందాం.) మా పక్క ఫ్లాటు వాళ్ళది యార్క్‌షైర్. ఆవిడ నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అక్కడ స్కూల్లో టీచరుగా పనిచేసేది. ఆయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చాక మానేసి వచ్చింది. ఆవిడ వీసా మీద 'స్పాన్సర్' అంటే భర్త. నా వీసా మీదా అంతే. మా స్నేహం అక్కడే మొదలైందనుకోండి.

ఆవిడ వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక క్యాలెండర్ వేలాడుతుంది. మన వెంకట్రామా క్యాలెండర్‌లో తిథులూ వర్జ్యాలూ ఉన్నట్టు అందులో మనుషులుంటారు. అత్తగారి పుట్టినరోజు, అత్తగారి చెల్లెలి పుట్టినరోజు, మామగారు పోయిన రోజు, ఆడపడుచు పిల్లల పరీక్షలు, ఆయన బాబాయికి కంటి ఆపరేషన్. బ్రిటిష్ వాళ్ళలో కార్డు అంటే చిన్న విషయం కాదు. పుట్టినరోజుకి కార్డు రాలేదంటే మన దగ్గర పెళ్ళికి పిలవకపోయినంత. ఆ కార్డులన్నీ కొనేది, రాసేది, ఇద్దరి పేర్లూ సంతకం చేసేది ఆవిడే. అటునుంచి వచ్చే కార్డులేమో ఆయన ఆఫీసుకి వెళ్తాయి, ఎందుకంటే ఇక్కడ ఇంటికి పోస్ట్‌మాన్ రాడు, ఉత్తరం ఏదైనా పీఓ బాక్స్‌కే, ఆ బాక్సు సాధారణంగా భర్త కంపెనీది. కవరు ఆయన బ్యాగులో వారం రోజులు పడి ఉండి ఎప్పుడో బయటికొస్తుంది. అప్పుడు మళ్ళీ థాంక్స్ చెప్పాల్సింది ఆవిడ.

మాతృదినోత్సవం ఒక్కటి చాలు, ఈ పని ఎంత మెదడు తింటుందో చెప్పడానికి. బ్రిటన్‌లో అది ఈస్టర్‌కి మూడు వారాల ముందు ఆదివారం, ఏటా మారుతుంది. ఇక్కడ యూఏఈలో మార్చి 21. మన ఇండియాలో, అమెరికాలో మే నెల రెండో ఆదివారం. దుబాయ్ షాపుల్లో కార్డులు కనబడే రోజుని నమ్ముకుంటే యార్క్‌షైర్‌లో అత్తగారికి ఆ ఏడు కార్డు అందదు. అంచేత ఫిబ్రవరిలోనే ఆవిడ ఈస్టర్ ఎప్పుడో లెక్క చూసుకుంటుంది. కన్నకొడుకు చూసుకోడు.

ఇక ఫోన్ల సంగతి. వాళ్ళకి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటికి ఫోన్ చేసుకోవడం అలవాటు. 2022 జనవరి దాకా ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం ఆయన ఆఫీసులో ఉండేవాడు కాబట్టి ఆ ఫోను ఆవిడ ఖాతాలో పడింది. సెలవులు శని, ఆదివారాలకి మారాయి. ఫోను మాత్రం ఆవిడ ఖాతాలోనే ఉండిపోయింది! దానికి తోడు ఇక్కడ వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది గానీ కాల్ వెళ్ళదు. ఇక్కడ పనిచేసే బోటిమ్ లాంటి యాప్ వేసుకోవాలి, అదీ రెండు వైపులా. ఎనభై దాటిన పెద్దావిడ చేత అంత దూరాన్నుంచి, మామూలు ఫోన్‌లో మాట్లాడుతూ, ఆ యాప్ వేయించడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. "నీలం గుర్తు కనబడుతోందా? దాన్ని నొక్కండి. కాదు, అది కాదు." రెండు ఆదివారాలు పట్టింది. ఐటీలో పాతికేళ్ళ అనుభవం ఉన్న కొడుకు పక్క గదిలో టీవీ చూస్తున్నాడు.

"ఒక్క ఫోన్ చేయడానికి ఇంత రాద్ధాంతమా?" అంటారు మగవాళ్ళు. ఫోన్ చేయడం పని కాదు, నిజమే, నంబరు నొక్కడానికి రెండు సెకన్లు. గుర్తుపెట్టుకోవడం పని. మంగళవారం పెద్దావిడకి డాక్టర్ దగ్గర చూపించుకునే రోజు, బుధవారం అడగాలి. ఆడపడుచుకి ఉద్యోగం పోయింది, ఆ సంగతి పిన్నిగారి దగ్గర ఎత్తకూడదు. పక్కింటి పిల్లి చచ్చిపోయింది, ఓదార్చాలి. ఇదంతా ఒక మనిషి బుర్రలో తిరుగుతూ ఉంటేనే ఆ పది నిమిషాల ఫోను ఆప్యాయంగా వినిపిస్తుంది. చివర్లో ఆవిడ "మీ అమ్మ లైన్లో ఉంది, ఒక మాట మాట్లాడతావా?" అని ఆయనకి ఇస్తుంది. ఆయన బాగున్నావా అంటాడు, వానలు పడుతున్నాయా అంటాడు, అయిపోయింది. మా ఇంట్లో ఆ రెండో ప్రశ్న "మందులేసుకున్నావా". అంతే తేడా.

ఆడవాళ్ళకే ఇది బాగా వచ్చు, సహజంగా వచ్చేస్తుంది అంటారే, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సింగపూర్ క్లయింటుకి ఇప్పుడు ఎన్నిగంటలో వాళ్ళకి తెలుసు. క్లయింటు కూతురు ఏ కాలేజీలో చేరిందో తెలుసు. కాలేజీ స్నేహితుల గ్రూపులో ఎవరి పుట్టినరోజూ మర్చిపోరు. తల్లి దగ్గరికి వచ్చేసరికి జ్ఞాపకశక్తి పెళ్ళాం కొంగున కట్టేసి ఉంటుందా?

ఇది నిన్నా మొన్నటిది కూడా కాదు. దూరదేశాలకి వెళ్ళిన బ్రిటిష్ కుటుంబాల్లో ఈ పని తరతరాలుగా ఆడవాళ్ళదే. మన రాజమండ్రి సంగతే తీసుకోండి. జూలియా అనే ఒక బ్రిటిష్ యువతి కొత్తగా పెళ్ళై, 1836లో భర్తతో కలిసి మద్రాసులో ఓడ దిగింది. ఆయన జేమ్స్ థామస్, తర్వాత రాజమండ్రిలో జడ్జి. (మనల్ని ఏలడానికి వచ్చినవాళ్ళే, అది మర్చిపోయి మాట్లాడటం లేదు.) ఉత్తరం ఓడలో ఇంగ్లండ్ చేరి జవాబు రావడానికి నెలల తరబడి పట్టే రోజులు. ఆ ఎండల్లో కూర్చుని ఇంటికి ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఇంట్లో నౌకర్ల దగ్గర్నించి ఊళ్ళో పెట్టించిన బడి దాకా అన్నీ రాసింది. ఆ ఉత్తరాలు 1843లో 'లెటర్స్ ఫ్రమ్ మద్రాస్' అని లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. అట్ట మీద రచయిత్రి పేరు లేదు, 'ఒక స్త్రీ' అని మాత్రమే ఉంది. భర్త అప్పటికే పోయాడు. ఆయన రాసిన తీర్పులు ఎక్కడున్నాయో ఎవరికి కావాలి! ఆవిడ ఉత్తరాలు మాత్రం ఇప్పటికీ చదువుతున్నారు.

ఆ రోజుల్లో పిల్లల్ని ఐదారేళ్ళకే ఇంగ్లండ్ పంపేసేవారు. రడ్యార్డ్ కిప్లింగ్‌ని 1871లో, ఆరేళ్ళు నిండకుండానే, మూడేళ్ళ చెల్లెలితో సహా సౌత్‌సీలో డబ్బు తీసుకుని పిల్లల్ని ఉంచుకునే పరాయి ఇంట్లో వదిలారు. తల్లి మళ్ళీ కనబడటానికి ఐదేళ్ళకు పైనే పట్టింది. 'బెంగ లేని జాతి' అంటున్నవాళ్ళు, ఆయన పెద్దయ్యాక ఆ ఇంటి మీద రాసిన 'బా బా, బ్లాక్ షీప్' కథ ఒకసారి చదవండి.

మళ్ళీ మా పక్క ఫ్లాటుకి వద్దాం. ఈ పలకరింపులకి ఆవిడ చెల్లిస్తున్న ధర కార్డుల ఖర్చు ఒక్కటే కాదు. బ్రిటన్‌లో ఇప్పటి లెక్క ప్రకారం ప్రభుత్వ పెన్షన్ పూర్తిగా రావాలంటే నేషనల్ ఇన్సూరెన్స్ 35 ఏళ్ళు ఉండాలి. అసలు రావడానికే మామూలుగా కనీసం 10 ఏళ్ళు. అక్కడే ఉండి 12 ఏళ్ళలోపు పిల్లల్ని పెంచుకునే గృహిణికి, చైల్డ్ బెనిఫిట్ ద్వారా ఆ ఏళ్ళు జమ పడతాయి. మంచి పద్ధతి, మనకి అదీ లేదు. కానీ భర్త వెనకాల దేశం దాటిందా, ఆ జమ ఆగిపోతుంది. సొంత డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఆ డబ్బు ఎవరిది? మళ్ళీ భర్తదే. అడగాలి.

ఇంకో తమాషా ఉంది. అదే పెన్షన్ తీసుకుంటూ స్పెయిన్‌లోనో అమెరికాలోనో ఉంటే ఏటా పెరుగుతుంది. కెనడా, ఆస్ట్రేలియా, ఇండియా, ఈ దుబాయ్, ఇలాంటి చోట్ల ఉంటే మొదటి అంకె దగ్గరే గడ్డకట్టి ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ఉండే అన్నెట్ కార్సన్ అనే ఆవిడ దీని మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడింది. 2010లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో కూడా ఓడిపోయింది. పిల్లల దగ్గరుందామని ఆస్ట్రేలియా వెళ్ళిన ముసలమ్మకి దేశం వేసే శిక్ష ఇది. బంధం నిలబెట్టుకో అంటారు, నిలబెట్టుకున్నందుకు కోత పెడతారు.

కిందటేడు శీతాకాలంలో ఆవిడ అత్తగారు మెట్ల మీద జారి పడింది. తుంటి విరగలేదు గానీ నెల రోజులు మంచం. ఊళ్ళోనే ఉన్న పెద్దకోడలు రోజూ వెళ్ళి స్నానం చేయించింది. ఇక్కడున్న చిన్నకోడలు ఆసుపత్రికీ, ఇంటికొచ్చే కేరర్లకీ, కౌన్సిల్ ఆఫీసుకీ ఫోన్లు చేసింది. దగ్గరున్నావిడ "నీకేం, ఎండలో కూర్చుని ఫోన్లు చేస్తావు" అంది. దూరంగా ఉన్నావిడ "నేను రాలేకపోతున్నానని ఎత్తిపొడుస్తోంది" అని మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. ఇద్దరు కోడళ్ళూ ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు. అన్నదమ్ములు మాత్రం చక్కగా మాట్లాడుకుంటున్నారు. క్రికెట్ గురించి. ఈ కథ మీకెక్కడా విన్నట్టు లేదూ?

అప్పుడే ఆవిడ ఒక పని చేసింది. "మీ అమ్మ నీ అమ్మ. ఇకనుంచి ఫోన్లు నువ్వే" అని ఆయనకి చెప్పి మానేసింది. మూడు వారాలు గడిచాయి. ఆయన చేయలేదు. నాలుగో వారం పెద్దావిడే ఫోన్ చేసింది. ఎవరికి? కొడుక్కి కాదు, కోడలికి. "నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా అమ్మాయ్?" అని అడిగిందట.

ఇక్కడ ఆగి చూడండి. ఫోన్ చేయనిది కొడుకు, నేరం మోసింది కోడలు, బాధపడింది ముసలావిడ. మనం ఈ పని వదిలేయలేకపోవడానికి కారణం ఇదే. సమ్మె చేద్దామంటే దెబ్బ తగిలేది పైవాడికి కాదు. "నువ్వు మానేస్తే ఆవిడే కదా బాధపడేది" అని మగవాడు అనాల్సిన అవసరం కూడా లేదు, మనకి మనమే అనుకుంటాం. అంచేత గుట్టుగా మానేయడం దారి కాదని నా గట్టి అభిప్రాయం. అందరి ముందూ, పెద్దావిడ వింటుండగా అప్పజెప్పాలి. "ఇకమీదట శనివారాలు మీ అబ్బాయి చేస్తాడు. చేయకపోతే ఆయన్నే అడగండి" అని స్పష్టంగా చెప్పాలి. నేను నా ఇష్టమైనప్పుడు నా మాటలు నేను మాట్లాడతాను, అది వేరు. అత్తాకోడళ్ళ మధ్య నిజంగా స్నేహం ఉంటే అది ఈ డ్యూటీ లేకపోతే పోదు.

పక్క ఫ్లాటులో చివరికి అలాగే అప్పజెప్పింది. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, అక్కడ ఉదయం తొమ్మిదో పదో అవుతుంది, ఆయన బాల్కనీలో కూర్చుని చేస్తున్నాడు. మొదటి వారం నాలుగు నిమిషాలు. ఏం మాట్లాడాలో తెలియక హీటింగ్ బాయిలర్ గురించి అడిగాడట. నాలుగో వారంలో ఆవిడ కారు అమ్మేసిందని ఆయనకి తెలిసింది. అమ్మి అప్పటికి రెండేళ్ళయింది.

మా ఇంట్లో ఈ మాట ఇంకా ఎత్తలేదు. సంక్రాంతికి ఊరెళ్తున్నాం. అత్తగారి ఎదురుగానే ఎత్తుదామనుకుంటున్నాను, భోజనాలయ్యాక, ఆయన నిద్రకి లేచిపోకముందే.