పాఠం ఉచితమే... దిద్దేదెవరు?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఇందా నుంచి ఐఐటీ కొద్ది కిలోమీటర్లే. అక్కడ బీటెక్ సీటు కావాలంటే జేఈఈ గట్టెక్కాలి. ఆన్‌లైన్‌లో ఆ అడ్డు లేదు. ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. బ్లెండర్, ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్లూ ఉచితమే.

అసలు కొరత దిద్దేవారిది. టూల్స్ వాడకం వీడియోలు చూసి నేర్చుకోవచ్చు. పోస్టర్‌లో ఒత్తులు కింది వరుసకు తగులుతున్నాయని చెప్పాలంటే మాత్రం తెలుగు తెలిసిన మనిషి పక్కనుండాలి.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. రైల్వే కొలువులకొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు తెలుగు, బెంగాలీ, హిందీ మూడింటిలోనూ డిజైన్ చేయగలిగితే అదే ఉపాధి. స్థానిక తెలుగు సంఘాలు వారానికోసారి వాళ్ల పని దిద్దే ఏర్పాటు చేస్తే, ఆ హోదా బోర్డుల మీదా దరఖాస్తుల్లోనూ కనిపిస్తుంది.