బొమ్మ ఇంజను కూడా నిజం చెప్పాలి

1859లో ఇంగ్లండులోని కెంట్‌లో థామస్ ఏవ్లింగ్, అంతవరకు గుర్రాలు లాగిన ఆవిరి ఇంజనుకు గొలుసు తగిలించి, దాని బలంతోనే దాన్ని నడిపించాడు. ట్రాక్షన్ ఇంజను అంటే అదే.

పిల్లలతో కలిసి దాని నమూనా చేసేటప్పుడు నిప్పు, ఆవిరి వద్దు, బ్యాటరీయే మేలంటాం. బాయిలరు డొల్లలో బ్యాటరీ పెట్టడం మోసం కాదు. మోటారును నేరుగా వెనుక చక్రాలకు బిగించి, ఫ్లైవీలును అలంకారానికి తగిలిస్తేనే ఒప్పుకోలేం. చిన్న మోటారు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. అసలు ఇంజను నిదానంగా, బరువుగా కదిలేది. కాబట్టి మోటారు ముందు ఫ్లైవీలు ఇరుసును తిప్పాలి. అక్కడి నుంచి గేర్లు వేగాన్ని తగ్గిస్తూ చక్రాలకు అందించాలి.

వేగం తగ్గినకొద్దీ లాగే బలం పెరుగుతుందని పిల్లలు కళ్లారా చూస్తారు. ఆ పాఠం కోసం రెండు సాయంత్రాలు ఎక్కువ పట్టినా పట్టనిద్దాం.